నాలుగున్నరేళ్ల బీపీటీ: నొక్కి చూస్తే ఎంత నిలుస్తుంది?

మా పిన్ని కూతురు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉంది. ఎంబీబీఎస్ సీటు రాదన్న సంగతి దానికి ఇప్పటికే తెలుసు, మా పిన్నికే ఇంకా తెలియదు. పోయిన నెల ఫోను చేసి "అక్కా, నువ్వు చదివిన కాలేజీ ఎలా ఉంటుంది? ఫిజియోథెరపీలో చేరమంటావా?" అని అడిగింది. పది నిమిషాలు ఏదో చెప్పి పెట్టేశాను కానీ నాకే తృప్తి కలగలేదు. రెండు వేల రూపాయల మిక్సీ కొన్నవాళ్లు దాని మంచీచెడ్డా పేజీలకు పేజీలు రాస్తారు. మా నాన్న లెక్క ప్రకారం ఫీజు, హాస్టలు, పుస్తకాలు, దారి ఖర్చులు కలిపి 5 లక్షల 40 వేలు పోసి కొన్న చదువు గురించి నేను ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

మాది తెనాలి. 2017లో ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ కళాశాలలో బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరి 2022 వేసవిలో బయటపడ్డాను. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మిగిలిన నెలలు కరోనా మింగింది. కళాశాల పేరు చెప్పను. అక్కడ నాకు పాఠాలు చెప్పిన మంచివాళ్లు ఇంకా పనిచేస్తున్నారు. ఇప్పుడు విజయవాడలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా వీధిలో నన్ను ‘కరెంటు డాక్టరమ్మ’ అంటారు. ఎవరికైనా నడుము పట్టేస్తే "వెళ్లి కరెంటు పెట్టించుకో" అని మా ఇంటికే పంపుతారు.

నక్షత్రాల లెక్క నాకు రాదు. మాకు రెండో ఏడాదిలో కండరాల బలానికి 0 నుంచి 5 దాకా మార్కులు వేయడం నేర్పారు, అదే వాడతాను. 0 అంటే చలనం లేదు. 1 అంటే కండరం మీద వేళ్లు పెడితే లోపల చిన్న అదురు తెలుస్తుంది, కీలు మాత్రం కదలదు. 2 అంటే బరువు పడకుండా పక్కకు ఆనించి పెడితే కదులుతుంది. 3 అంటే భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి లేస్తుంది, మనం చేత్తో కాస్త నొక్కామా, పడిపోతుంది. 4 కొంత ఒత్తిడికి ఆగుతుంది, 5 మామూలు బలం. మా కళాశాలకు మొత్తం మీద 3 వేస్తాను. దానంతటది లేచి నిలబడుతుంది, నొక్కి చూడకూడదు.

అనాటమీకి మాత్రం 4. ప్రభుత్వ వైద్య కళాశాలలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి చెప్పేవారు. మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లికను, మేం బ్రాకియల్ ప్లెక్సస్ అంటాం, పుస్తకంలో చూస్తే తల తిరుగుతుంది. ఆయన ఐదు రంగుల ఊలు దారాలు తెచ్చి కుర్చీ వీపుకు కట్టారు. సీ5 నుంచి టీ1 దాకా ఐదు దారాలు. ఐదూ కలిసి మూడు కట్టలయ్యాయి, ప్రతి కట్టా రెండుగా చీలింది, చీలినవన్నీ మళ్లీ కలిసి మూడు పాయలయ్యాయి, ఆ పాయల నుంచి చేతి నరాలు. ఒక్కొక్కరినీ పిలిచి కుర్చీ దగ్గర కళ్లు మూసుకుని అల్లమనేవారు. నాలుగోసారికి నాకు వచ్చింది. పోయిన ఏడాది ఒక కుర్రాడు క్లినిక్‌కి వచ్చాడు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో ముందు సీటు కమ్మీ మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయాడట. తెల్లారేసరికి మణికట్టు పైకి లేవడం లేదు. పక్షవాతం వచ్చిందని వాళ్లమ్మ ఏడుస్తోంది. వెనక పాయ నుంచి వచ్చే రేడియల్ నరం కదా ఇది అనుకోగానే ఆకుపచ్చ ఊలు దారం కళ్ల ముందు కదిలింది. ఒత్తిడి వల్ల మొద్దుబారిన నరం. మణికట్టుకు స్ప్లింటు కట్టి, వ్యాయామాలు చేయించాం. కొన్ని వారాలకు బాగైంది.

ఎముకల సెట్టు సీనియర్ల దగ్గర కొనుక్కోవాలి. మొదటి దసరా సెలవులకు తొడ ఎముక, భుజం ఎముక, నాలుగు వెన్నుపూసలు సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాను. నానమ్మ సంచి తెరిచి చూసి కేక పెట్టింది. పసుపు నీళ్లు చల్లి, వాటిని గుమ్మం దాటనివ్వనంది. నాలుగున్నరేళ్లూ అవి నాన్న స్కూటరు పక్కన పాత రేకు పెట్టెలోనే ఉన్నాయి. నేను వసారాలో దోమల మధ్య కూర్చుని చదివాను. దీన్ని కళాశాల మీద నెట్టను.

నెట్టవలసింది ఎలక్ట్రోథెరపీని, అంటే కరెంటు యంత్రాలతో చేసే వైద్యాన్ని. దానికి 1 వేస్తాను. వేలు పెట్టి వెతికితే తప్ప అదురు కూడా దొరకదు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ అనే యంత్రం ఉంటుంది, లోపలి కండరాలకు వేడి పట్టించేది. దాని పౌనఃపున్యం 27.12 మెగాహెర్ట్‌జ్, తరంగదైర్ఘ్యం 11 మీటర్లు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దాని సర్క్యూట్ బొమ్మ స్కేలు పెట్టి గీసి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా ప్రయోగశాలలో ఆ యంత్రం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉండేది. ఫ్యూజు పోయిందని ఒక ఏడాది, మనిషి రావాలని ఇంకో ఏడాది. నేను ఉన్నన్నాళ్లూ అది వెలగలేదు. నడక నేర్పే ప్యారలల్ బార్లకు కంపెనీ వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరును కూడా ఎవరూ విప్పలేదు.

దీని ఫలితం క్లినిక్‌లో చేరిన రెండో వారంలో కనిపించింది. తుంటి దగ్గర నొప్పి అని ఒకాయన వచ్చారు. డయాథెర్మీ పెట్టమని చీటీలో ఉంది. ప్యాడ్లు సర్దాను, మీట తిప్పబోతున్నాను. మా సీనియర్ మేడం పక్క గదిలోంచి వచ్చి ఆయన పంచె కాస్త జరిపి, తొడ పక్కన జానెడు మచ్చ చూపించి, "ఇది ఏమిటండీ?" అని అడిగారు. పన్నెండేళ్ల కిందట రాడ్డు వేశారట. ఒంట్లో లోహం ఉన్నచోట ఆ వేడి పెట్టకూడదు, లోహం చుట్టూ కండ కాలిపోతుంది. ఈ సంగతి నాకు తెలియదా? పెట్టకూడని సందర్భాల జాబితాలో మూడోదిగా రాసి మార్కులు కొట్టాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగడం అలవాటు కావాలంటే ఆ యంత్రం ముందు కనీసం యాభై మందిని కూర్చోబెట్టి ఉండాలి. ఆ రోజు నుంచి మీట మీద చెయ్యి వేసేముందు గడియారం, మొలతాడు తాయెత్తు, రాడ్డు, గుండెలో పేస్‌మేకర్, ఆడవాళ్లయితే కడుపుతో ఉన్నారా, అన్నీ వరసగా నోటి వెంట వస్తాయి. నేర్పినది మేడం, డబ్బు తీసుకున్నది కళాశాల.

అసలు లోటు రోగులు. మన దేశంలో ఈ చదువు 1950ల మొదట్లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో, ఆసుపత్రి కడుపులోనే పుట్టింది. మా కళాశాలకు ఆసుపత్రి కాగితం మీద ఉండేది. ఓపీకి రోజుకు ఆరేడుగురు వచ్చేవారు, వాళ్ల చుట్టూ మేం నలభై మందిమి. ఒక మోకాలిని ముగ్గురు పట్టుకుంటే మిగిలినవాళ్లం రాసుకునేవాళ్లం. తనిఖీ రోజున మాత్రం బెంచీలు నిండేవి. మా హాస్టలు వంటామెకు ఆ ఒక్క రోజు నడుము నొప్పి వచ్చేది, వాచ్‌మన్‌కు మెడ నొప్పి. మరునాటికి ఇద్దరికీ తగ్గిపోయేది. అంత తొందరగా నయం చేసిన కళాశాల మరొకటి ఉండదు.

నాలుగో ఏడాదిలో ప్రభుత్వ ఆసుపత్రికి పంపిన మూడు వారాలే నా అసలు చదువు. అక్కడ ఫిజియోథెరపీ విభాగం అంటే పొడవాటి హాలు, ఐదు మంచాలు, తొడ కండరాలకు వ్యాయామం చేయించే క్వాడ్రిసెప్స్ టేబులు ఒకటి, అదీ కాళ్లు విరిగినది, గోడకు వేళ్లతో ఒక్కో మెట్టూ ఎక్కే చెక్క నిచ్చెన, ఉదయం తొమ్మిదికే బయట అరవై మంది. ఒక సారు ఉండేవారు, మాట తక్కువ. నాకు అప్పగించినది యాభై దాటిన ఒక లారీ డ్రైవరును. పక్షవాతం వచ్చి నెలన్నర, కుడి పక్క పడిపోయింది. ఆయన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టాలి. కూర్చున్న మనిషి లేవడంలో ఎన్ని దశలో, ఏ దశలో ఏ కండరం పనిచేస్తుందో నేను ఎనిమిది పేజీల జవాబు రాసినదాన్ని. చంకల కింద చేతులు వేసి లాగాను. ఆయన లేవలేదు, నా నడుము కలుక్కుమంది.

సారు వచ్చి నన్ను పక్కకు జరిపారు. ముందు ఆయన పాదాలు రెండూ మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండేలా సర్దారు. తన మోకాలిని ఆయన కుడి మోకాలికి ముందు నుంచి అడ్డుపెట్టారు, అది ముడుచుకుపోకుండా. "బాబాయ్, లేవొద్దు. ముందుకు వంగు. నీ ముక్కు నీ కాలి వేళ్లు దాటి రావాలి, అంతే" అన్నారు. ఆయన వంగారు. ముక్కు వేళ్లు దాటింది. పిరుదులు వాటంతట అవే కుర్చీ మీద నుంచి తేలాయి. సారు చేతులు ఆయన నడుము దగ్గర ఊరికే ఉన్నాయి, లాగడం లేదు. ఆయన నిలబడ్డారు. నెలన్నర తర్వాత భార్యను నిలబడి చూశారు. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. "ఇప్పుడు నువ్వు" అన్నారు సారు నాతో, మళ్లీ కూర్చోబెట్టి. నా మోకాలి చిప్ప ఆయన మోకాలికి ఎక్కడ ఆనించాలో ఆరోసారికి గాని దొరకలేదు. ఆరుసార్లూ ఆయన విసుక్కోలేదు. ఆ మూడు వారాల్లో నా చేతుల మీదుగా నడిచినవాళ్లు నూటయాభై మందికి తక్కువ ఉండరు. కళాశాల ఓపీలో నాలుగేళ్లలో అందులో సగం మందిని కూడా తాకలేదు.

కరోనా కాలం గురించి ఒక్క మాట. 2020లో కీళ్లు, నరాలు చూసే పాఠాలన్నీ ఫోనులో చెప్పారు. చూడటానికి మనుషులు కావాలి కదా, మా ఇంట్లోవాళ్లే దొరికారు. నానమ్మ మోకాలి పక్కన, కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటరు ఇరుసు పెట్టి, దాని ఒక చెయ్యి తుంటి వైపు, ఇంకో చెయ్యి చీలమండ వైపు పెట్టి రోజూ కోణం కొలిచేదాన్ని. "కొలతలు తీసుకుంటున్నావు, జాకెట్టు ఎప్పుడు కుడతావు?" అని అడిగింది. మడత పెట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, నొక్కి పదంకెలు లెక్కపెట్టించే వ్యాయామం రెండు పూటలా చేయించాను. మూడు నెలలకు డాబా మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. అప్పటి నుంచి నా ఎముకల పెట్టె మీద కోపం కాస్త తగ్గింది, గుమ్మం దాటడం మాత్రం జరగలేదు.

ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండు ఇవ్వలేదు. ఎదురు అడిగితే సంతకం ఆగుతుందన్న భయంతో మేమూ గట్టిగా అడగలేదు. మొదటి ఉద్యోగం జీతం నెలకు 12 వేలు. ఇది దాచి కోర్సు గురించి గొప్పగా చెప్పేవాళ్లను నమ్మవద్దు. ఇళ్లకు వెళ్లి చేయడం మొదలుపెట్టాక గాని నా చేతిలో డబ్బు ఆడలేదు. పైన ఎంపీటీ అనే పీజీ రెండేళ్లు ఉంది. కీళ్లా, నరాలా, గుండె ఊపిరితిత్తులా, క్రీడలా, ఏదో ఒక పక్క తీసుకోవాలి. నేను ఇంకా చేయలేదు. ముందు అప్పు తీరాలి.

అమ్మిన తర్వాత సర్వీసు ఎలా ఉందో కూడా చెప్పాలి కదా. నా రూమ్మేటు అమెరికా దారి పట్టింది. అక్కడి లెక్క వేరు. మామూలు డిగ్రీ నాలుగేళ్లు చదివాక, డీపీటీ అనే డాక్టరేటు సాధారణంగా మరో మూడేళ్లు. 2016 నుంచి అక్కడ ఫిజికల్ థెరపిస్టు కావాలని కొత్తగా చేరేవాళ్లకు గుర్తింపు పొందిన కోర్సు అదొక్కటే. మన దగ్గర డీపీటీ అంటే ఫిజియోథెరపీలో డిప్లొమా. అవే మూడు అక్షరాలు సముద్రం దాటగానే డిప్లొమా నుంచి డాక్టరేటు అయిపోతాయి. బయటి దేశంలో చదివినవాళ్లు ముందు తమ చదువు అక్కడి చదువుకు సమానమని మదింపు చేయించుకోవాలి. తర్వాత ఎన్‌పీటీఈ అనే అక్కడి జాతీయ పరీక్ష. 200 నుంచి 800 దాకా స్కోరు, 600 వస్తే గట్టెక్కినట్టు. ఆపైన ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రపు లైసెన్సు. మదింపు కోసం ప్రతి సబ్జెక్టులో ఎన్ని గంటలు చదివారో, ఎన్ని గంటలు రోగుల దగ్గర ఉన్నారో కళాశాల రాసి, సీలు వేసి పంపాలి. మా ఆఫీసులో ఆ కాగితం కదలడానికి నాలుగు నెలలు పట్టింది. వాళ్ల నాన్న గుంటూరు నుంచి పదకొండుసార్లు తిరిగారు. తీరా వెళ్లాక కొన్ని సబ్జెక్టులు తక్కువ పడ్డాయని తేలి, ఆ పిల్ల అక్కడ మళ్లీ ఫీజు కట్టి చదివింది. ఈ విభాగానికి 0 వేస్తాను. చలనం లేదు.

చెల్లెలికి ఇప్పుడు రూల్సు వేరు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఆ కమిషన్ పేరు మీద 2025లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో కోర్సు ఐదేళ్లు, దానిలో ఏడాది ఇంటర్న్‌షిప్, ప్రవేశానికి నీట్. ఇంటర్న్‌షిప్ ఏడాది కావడం నాకు నచ్చింది, పంపే చోట రోగులు ఉంటేనే సుమా. పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవడం మీద అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి వద్దని ఒక ఉత్తరం వచ్చింది, మరునాడే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు రోజులూ మా క్లినిక్‌లో బోర్డు మార్చాలా వద్దా అన్నదే చర్చ. నేను పాల్గొనలేదు. మా వీధివాళ్లు ఎప్పుడో బిరుదు ఇచ్చేశారు.

ఎక్కడ చేరాలి అంటే, పెద్ద ఆసుపత్రి ఉన్నచోట. తిరుపతి స్విమ్స్‌లో ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. రాష్ట్రం దాటడానికి భయం లేకపోతే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థలు ఉన్నాయి. నేను చేరిన రోజుల్లో వాటన్నిటికీ ఒకటే ప్రవేశ పరీక్ష. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియక రాయలేదు. ఇప్పటికీ కడుపు మండేది దానికే.

పోయిన శనివారం చెల్లెలినీ పిన్నినీ తీసుకుని ఒక ప్రైవేటు కళాశాలకు వెళ్లాను, నేను చదివినది కాదు. ఉదయం పదిన్నరకు వెళ్దామని పట్టుబట్టాను, ఓపీ జరిగే వేళ అదే. ఆఫీసులో మమ్మల్ని ఏసీ తరగతి గదికి, కంప్యూటర్ గదికి తీసుకెళ్లబోయారు. ముందు ఫిజియోథెరపీ ఓపీ చూపించమన్నాను. వాళ్లు మొహాలు చూసుకుని, సరేనన్నారు. కింది అంతస్తులో బెంచీల మీద చోటు లేదు. రిజిస్టరులో అమ్మాయి 37వ నంబరు రాస్తోంది. డయాథెర్మీ ప్యాడ్ల రబ్బరు అంచులు వాడి వాడి నల్లబడ్డాయి. ప్యారలల్ బార్ల మధ్య పరిచిన రబ్బరు పట్టా మీద రెండు వరుసల్లో రంగు పోయి, లోపలి బూడిద రంగు బయటపడింది. చెల్లెలు చెప్పులు విడిచి ఆ బార్లు పట్టుకుని, సరిగ్గా ఆ అరిగిన గుర్తుల మీదే అడుగులు వేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. వరండాలో పిన్ని ఫీజు రెండు విడతల్లో కట్టవచ్చా అని అడుగుతోంది.